ఏడో బాయి పసుపు సీసాలు

నోటీసు వచ్చిన రోజు

షాపు తెరిచి ఇంకా తూకం రాళ్ళు కూడా తుడవలేదు, రాజేశం వచ్చి తలుపుకు కాయితం అతికించి పోతున్నాడు. ఏందిరా అది అంటే, "నువ్వే సదువుకో సేటూ, నాకు నోరు అత్తలేదు" అన్నాడు. మా బొగ్గు బాయిలో పంపులు, కూలింగ్ మిషను చూసుకునే మనిషి రాజేశం. రోజుకు వెయ్యి మాటలు మాట్లాడతాడు. వాడికే నోరు రాలేదంటే ఏదో ఉందనుకున్నా.

ఉంది. ఏడో బాయిలో మినుములు వరసగా రెండు పంటలు దెబ్బతిన్నాయి కాబట్టి, నలభై రోజుల తర్వాత, బాయిలన్నిటినీ చూసుకునే సర్కిల్ ఆఫీసు నుంచి వసంత మేడం దిగి వస్తుందట. తనకు తోచిన మళ్ళలో మొక్కలు పీకి వేళ్ళ మీది బుడిపెలు కోసి చూస్తుందట. లోపల ఎరుపుంటే సరే. లేకుంటే బాయి మూత. నలభై ఎనిమిది కుటుంబాలను మిగతా బాయిల్లో ఎక్కడ సందుంటే అక్కడ ఒక్కొక్కటిగా సర్దుతారు.

ఈ డైరీలో రోజూ ఏ దినుసు వచ్చింది, ఏ దినుసు అయిపోయింది అనే రాస్తుంటా. ఇవాళ్టి నుంచి ఈ సంగతి కూడా రాస్తా. ఎవరు చదువుతారో తెలియదు కానీ, రాస్తే చేతులు కాస్త కుదురుగా ఉంటాయి.

మా తాతలు ఈ బాయిలోకి బొగ్గు తవ్వడానికి దిగేవారు. పైన ఎండ ముదిరాక మా నాయనలు కాపురానికే దిగి, దీపాల వెలుగులో మళ్ళు వేసుకున్నారు. నేను పుట్టింది ఈ రెండో అంతస్తులోనే. షాపు పెట్టింది పాత దీపాల గదిలో. హెల్మెట్ దీపాలు తగిలించిన కొక్కాలకే ఇప్పుడు విత్తనాల సంచులు వేలాడుతున్నాయి. ఇంకో బాయిలో నాకు చోటిస్తారు, కాదనను. కొక్కాలు ఇస్తారా?

మూడో రోజు

నోటీసు దెబ్బకు అందరూ మట్టి పట్టుకొచ్చారు. "సేటూ, జెర పసుపు జూసి పెట్టు."

పసుపు చూడటం మా బాయి మాట. మడిలో మట్టిని నీళ్ళలో కలిపి, తేట వంచి, రెండు చుక్కలు ఆసిడ్ వేసి, నా డబ్బాలోని తెల్ల ఉప్పు చిటికెడు కరిగించి పోస్తా. సీసాను వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి కాసేపు ఓపిక పట్టాలి. మట్టిలో ఎముక సత్తువ, అదే భాస్వరం, ఉంటే నీళ్ళు పచ్చబడి, అడుగున పసుపు పొడి దిగుతుంది. లేకుంటే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. ఎంత పచ్చబడిందో చూసి ఎముకల బూడిద ఎన్ని దోసిళ్ళు వేయాలో చెబుతా.

ఈ విద్య నాది కాదు, నా భార్య రాజవ్వది. నాలుగో బాయి నుంచి పెళ్ళై వచ్చినప్పుడు చీరల మధ్య పెట్టి ఆ డబ్బా తెచ్చుకుంది. మా అమ్మ అది ఉప్పనుకుని పప్పులో వేయబోతే డబ్బా లాక్కుని గుండెకు హత్తుకుంది. కోడలికి మతి చలించిందని అమ్మ మూడు రోజులు భయపడింది. ఆ కథ చెప్పి నవ్వించడం రాజవ్వకు ఇష్టం. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

ఆమె పెట్టిన ఆచారమే ఇంకొకటి. కొత్త జంటకు మడి ఇచ్చిన రోజు వాళ్ళ మట్టికి పసుపు చూసి, ఆ సీసాకు బిరడా బిగించి, పేర్లు రాసి, షాపు గోడ అరలో పెడతాం. ఆ తర్వాత బిడ్డ పుడితే ఒక సీసా, మంచి పంట పండితే ఒక సీసా. ఇప్పుడు రెండు వందల పన్నెండు ఉన్నాయి. దీపం వేస్తే గోడంతా బంతిపూల దండ. దిగులుగా ఉన్నవాళ్ళు బేరమేమీ లేకుండా వచ్చి, వాళ్ళ సీసా చూసుకుని పోతుంటారు.

ఇవాళ తొమ్మిది మళ్ళకు చూశా. అన్నీ బాగానే పచ్చబడ్డాయి. బూడిద లోటు లేదు. మరి మినుములెందుకు పాలిపోయి చస్తున్నాయి?

ఐదో రోజు

కొమురవ్వ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. బాయి మొత్తానికి విత్తనం దాచిపెట్టేది ఆమే. వచ్చి కూర్చుని తొమ్మిది కొత్త సీసాలూ చూసి మొదలుపెట్టింది.

"ఏం సేటూ, పసుపు జూసుడైందా? ఇగ అన్నం బదులు గదే తిందాం."

"అవ్వా, రోగమేందో తెల్వాలె గదనే."

"రోగం నాకెరుకే. పాత మిషను పోయిన కాన్నుంచి పంటలు పోయినై. దాన్ని పీకిచ్చిందెవలు? బల్ల మీదికెక్కి గంటసేపు చెప్పినవ్ గద."

అది నిజం. రెండేళ్ళ కింద పాత కూలింగ్ మిషను తీసేసి కొత్తది పెట్టించాలని పట్టుబట్టింది నేనే.

"అది రొద పెడుతుండె అవ్వా. పిల్లలకు నిద్ర లేకుండె."

"రొద బెట్టినా అన్నం బెట్టింది. విత్తనం తడుపు దాని నీళ్ళతోనే జేస్తుంటిమి. మా అత్త జేసింది, నేను జేసిన. నువ్వు నవ్వినవ్. మిషను మూత్రంతోని పూజేందని అన్నవ్ రా నువ్వు!"

అన్నాను. అది కూడా నిజం. విత్తే ముందు రోజు మినుములను పాత మిషను పైపులో తిరిగే నీళ్ళలో నానబెట్టడం మా దగ్గర పండుగ. డప్పు, బెల్లం, పాటలు అన్నీ ఉండేవి. కొత్త మిషను వచ్చాక కూడా పండుగ మానలేదు, దాని నీళ్ళతోనే చేస్తున్నాం. పాట అదే, డప్పు అదే, నీళ్ళే మారాయి.

రాజేశాన్ని పిలిచి అడిగా, పాత దాంట్లో నీళ్ళే కదా ఉండేవి అని.

"ఉత్త నీళ్ళేనా? లోపల పైపులు తుప్పు పట్టకుంట ఏడాదికోపారి తెల్ల పొడి కలుపుతుంటిమి. తుప్పు మందు. కొత్త దానివి ప్లాస్టిక్ పైపులు, అవసరం లేదు."

"పొడి ఉందా?"

"ఏడిది? డబ్బాలన్నీ ఖాళీ. ఒకటి మా ఇంట్ల పీటకింద ఏసుకున్నం."

పీట కింద డబ్బా తెప్పించా. బూజు తుడిస్తే అక్షరాలు కనిపించాయి: సోడియం మాలిబ్డేట్. నేను లేచి నా డబ్బా తెచ్చి పక్కన పెట్టా. దాని మీద ఉన్నది అమ్మోనియం మాలిబ్డేట్. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేత్తో పట్టుకున్న డబ్బా, దాని చుట్టం వాడి పీట కింద ఉందని నాకు తెలియదు.

పేరు కలిసినంత మాత్రాన సరుకు కలవాలని లేదు, వ్యాపారం చేసేవాడికి ఆ మాత్రం తెలుసు. పరీక్ష చేయాలి. పాత నీళ్ళెక్కడివి అంటే కొమురవ్వ నేల చూపులు చూసింది. మిషను పీకిన రోజు కొబ్బరినూనె సీసాలో పట్టి దాచుకుందట.

"సగమే ఇత్త. సగం నా మీద చల్లాలె, నేను పోయిన్నాడు."

రాజవ్వ విద్యను తిరగేశా. ఎప్పుడూ మా ఉప్పు పోసి మట్టిలో భాస్వరం వెతుకుతాం. ఇవాళ భాస్వరం పోసి నీళ్ళలో ఉప్పును వెతికా. పాత నీళ్ళను గరిటెడయ్యేదాకా మరిగించి, ఆసిడ్‌లో కరిగించిన ఎముక బూడిద రవ్వంత, రాజేశం పైపులు అతికేటప్పుడు వాడే నవాసాగరం చిటికెడు వేసి వేణ్ణీళ్ళలో పెట్టా. పక్కనే కొత్త మిషను నీళ్ళు, అదే పద్ధతిలో.

కొత్త నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. పాత నీళ్ళు మెల్లగా పచ్చబడ్డాయి. ముందు నిమ్మతొక్కలా, తర్వాత పసుపుకొమ్ములా.

కొమురవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మూత్రం గాదు గద?"

ఆరో రోజు

పొద్దున రేడియోలో వసంత మేడం దొరికింది. ఆమె చదివింది మొక్కల చదువే. సంగతంతా చెప్పా.

"ఓదెలు గారూ, మినుము వేరుకు బుడిపెలుంటాయి కదా. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిని పట్టి ఎరువు చేస్తాయి. ఆ పనికి మాలిబ్డినం అనే లోహం కావాలి. ఎక్కువేం కాదు, పప్పులో ఉప్పంత కూడా కాదు. కానీ అది లేకపోతే బుడిపెలు ఊరికే ఉంటాయి, పని చెయ్యవు, లోపల ఎరుపెక్కవు."

"మా మట్టిల లేదా మేడం?"

"బొగ్గు బాయి మట్టి పుల్లటిది. ఉన్న కొంచెం కూడా మొక్కకు అందనీయదు. మీ పాత మిషనే ఇన్నాళ్ళు విత్తనానికి తినిపించింది."

"మరి మిషను పోయినంక మొదటి పంట మంచిగనే అచ్చింది గదా?"

"తల్లి మొక్క విత్తనంలో కొంత మూట కట్టి పంపుతుంది. ఆ మూట అయిపోయింది."

పంపండి మేడం అన్నా. పైన ఎండ నిప్పులు చెరిగే కొలిమి నెలలు కదా, బండ్లు తిరగవు, నాలుగు నెలలు ఆగాలి అంది. తను నడిచి వచ్చేసరికి విత్తే వేళ దాటిపోతుందట. అయితే నోటీసు ఆపండి అన్నా. ఆమె గొంతు తగ్గించింది. "అది నా చేతిలో లేదు. గాలి, నీళ్ళు పంచేవాళ్ళు వేరే ఉన్నారు. నేను చూసింది రాసేదాన్ని, అంతే." తర్వాత తనే అంది, "మీ డబ్బాలోది కూడా పనికొస్తుంది. కిలో విత్తనానికి గ్రాము. ఎక్కువ పట్టిస్తే ఆ మినుప కట్టె తిన్న మేకలకు విరేచనాలు పట్టుకుంటాయి, జాగ్రత్త."

ఎరువు బస్తాలు తెచ్చే రైలు ఆగి ఎన్నేళ్ళయిందో. మినుము గాలిలోంచి పట్టి మట్టిలో పెట్టిందాంతోనే ఆ తర్వాత జొన్న, కూరలు. మినుము నిలబడితేనే మిగతావన్నీ.

మడికి కిలో చొప్పున నలభై ఎనిమిది కిలోల విత్తనం. డబ్బా తూచా. ముప్ఫై ఒక్క గ్రాములు.

మొన్న చూసిన తొమ్మిది మళ్ళు గుర్తొచ్చాయి. పోయిన పంటప్పుడు ఇరవై, అంతకు ముందు పంటప్పుడు ముప్ఫై. మొక్కలు పాలిపోయినకొద్దీ నేను పసుపు చూస్తూనే పోయాను. రోగం పేరు కనుక్కోవడానికి మందంతా పోసేశాను.

ఎనిమిదో రోజు

పదిహేడు గ్రాములు తక్కువ. పదిహేడు మళ్ళు వదిలేద్దామంటే మేడం ఏ మడి పీకుతుందో తెలియదు. ఎవరి మడి వదలాలి? ఆ మాట ఎత్తితే చాలు, మేడం మూయకముందే బాయి మూతపడుతుంది.

పొద్దున ఖాళీ సీసాలు కడుగుతున్నా. పసుపు మరక నీళ్ళకు పోదు, బట్టల సోడా వేసి వేడినీళ్ళు పోస్తే ఇట్టే పోతుంది. రాజవ్వ నేర్పిందే. చెయ్యి అలాగే ఆగిపోయింది. పోతుంది, కరెక్టే. పోయి ఎక్కడికి పోతుంది? సోడా నీళ్ళలోకే కదా! రంగు పోతుంది కానీ సరుకు పోదు.

తలెత్తి గోడ చూశా. రెండు వందల పన్నెండు సీసాలు. ఒక్కో దాంట్లో చిటికెడు, బిరడా బిగించి, ఒక్క బొట్టు పారబోయకుండా.

అవి నావి కావు. మధ్యాహ్నం గంట కొట్టి అందరినీ పిలిచి సంగతి చెప్పా. బల్ల మీదికి ఎక్కలేదు ఈసారి.

అందరూ గోడ వైపు తిరిగారు. అప్పుడు రాజేశం భార్య ముందుకొచ్చి వాళ్ళ సీసా తీసి దీపానికి పట్టి చూసింది. "అన్నిట్లకెల్ల రంగు ఎల్సిపోయింది మాదే. గీ సీస జూసిన్నాడే ఎర్కైంది నాకు, ఈనె ఎవ్వారం గింతేనని."

"మట్టి నీ అన్న ఇచ్చిండు గద, నన్నంటవేందే?" అన్నాడు రాజేశం.

నవ్వులు మొదలయ్యాయి. ఇక ఆగలేదు.

పదో రోజు

పెద్ద గంగాళంలో వేడి సోడా నీళ్ళు పెట్టాం. ఎవరి సీసా వాళ్ళే ఒంపాలని కొమురవ్వ చెప్పింది, అట్లే చేశారు. పేరు చదివి చేతికిస్తే, బిరడా తీసి ఒంపుతారు. బుస్సుమని పొంగుతుంది, పసుపు ఒక్కసారి సుడి తిరిగి కనపడకుండా పోతుంది. ముక్కు పగిలే ఘాటు. సగంమంది కళ్ళలో నీళ్ళు, ఘాటుకో దేనికో నేనడగలేదు.

ఒక ముసలాయన బిడ్డ పుట్టినప్పటి సీసా ఒంపాడు. ఆ బిడ్డ ఇప్పుడు పదో బాయిలో ఉంది. ఒంపి, ఖాళీ సీసా జేబులో వేసుకుని, "వాసన మాత్రం అదే ఉంది సేటూ" అన్నాడు. ఏ వాసనో నాకర్థం కాలేదు కానీ తలూపా.

గంగాళం నీళ్ళు తేటగా అయ్యాయి. డబ్బాలోని ముప్ఫై ఒక్క గ్రాములూ కలిపి, బెల్లం గంజిలో వేసి, విత్తనాలకు పట్టించి, చాపల మీద ఆరబోశాం. డప్పు కొట్టారు. కొమురవ్వ పాటెత్తుకుంది. ఈసారి నేను నవ్వలేదు, నాకు రాని పాటకు పెదాలు కదిపా.

ఒకటి దాచకుండా రాయాలి. గోడ మీద ఒక సీసా ఉండిపోయింది. ఒకటో నంబరు. "రాజవ్వ, ఓదెలు, తొమ్మిదో మడి." ఆమె చేతి రాత. ఒక్క చిటికెడే కదా అనుకున్నా. ఆ చిటికెడు లేకపోయినా మిగతా అందరికీ తగ్గకుండా నా మడి విత్తనాన్ని విడిగా తీసి, మందు పట్టించకుండా పక్కన పెట్టా. మేడం తొమ్మిదో మడే ఎందుకు పీకుతుంది?

పదమూడో రోజు

కొమురవ్వ కళ్ళు సరిగా కనిపించవంటారు, అబద్ధం. షాపులోకి వస్తూనే ఖాళీ గోడ మీద ఒక్క పచ్చ చుక్క చూసింది. తర్వాత మూలన ఉన్న విత్తనం మూట చూసింది.

"తొమ్మిదో మడి విత్తలేదట గద?"

"విత్తుత తియ్ అవ్వా."

"ఉత్త విత్తనమా?"

నేను తూకం రాళ్ళు సర్దుకుంటూ కూర్చున్నా.

"అందరితోని రెండొందల పదకొండు సీసలు ఒంపిచ్చినవ్, నీదొక్కటి దాసుకున్నవ్. ఆ మేడం నీ మడి పీకితే నలభై ఏడిండ్లోళ్ళకు ఏం జెప్తవ్?"

"రాజవ్వ రాసిందే అవ్వా అది. వేరే ఏం లేదు నా తాన."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత గొంతు మారింది.

"సచ్చినామె సీసల ఉంటదా బిడ్డా? ఆమె ఉంటే గింటే ఆ మడిల ఉంటది. ఆమె తోడిన మన్ను గద అది. నువ్వు ఆమె మడికి పెడుతలేవు, ఆమెకు దక్కకుంట దాసుకుంటున్నవ్."

కొబ్బరినూనె సీసా తీసి బల్ల మీద పెట్టింది. సగం పాత నీళ్ళు.

"నీ చిటికెడు సాలకుంటె ఇది గూడ పోసుకో."

"నీ మీద చల్లాలంటివి గద?"

"నేను గట్టిదాన్ని. తుప్పు పట్ట."

చిన్న గిన్నెలో సోడా నీళ్ళు పెట్టా. పేర్లు రాసిన కాయితం తడవకుండా సీసా ఒంపా. ముప్ఫై ఏళ్ళ పసుపు, గడ్డ కట్టి అడుక్కి అంటుకుంది. పుల్లతో గోకాల్సి వచ్చింది. గోకుతుంటే కొమురవ్వ పక్కనే నిలబడి దీపం పట్టింది. పోయేటప్పుడు రంగు ఎక్కువసేపేమీ ఉండలేదు.

గిన్నెలోదీ, కొమురవ్వ పాత నీళ్ళూ కలిపి విత్తనానికి పట్టించి, సాయంత్రానికి తొమ్మిదో మడి విత్తేశా. అందరికంటే రెండు రోజులు ఆలస్యం.

నలభయ్యో రోజు

కేజ్ లిఫ్టు దిగి మేడం వచ్చింది. నేను పెద్ద మనిషిని ఊహించుకున్నా, మా మేనకోడలి వయసుంటుంది. బండ్లు లేక నడిచే వచ్చిందట, ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. మంచినీళ్ళు ఇస్తే చెంబెడు తాగి, నేరుగా మళ్ళలోకి పోయింది. బాయి మొత్తం గోడల వెంట నిలబడ్డాం.

నాలుగో మడి, ముప్ఫై మూడు, ఇరవై. ఒక్కో మొక్క వేరుతో తవ్వి, మట్టి కడిగి, బుడిపెను బ్లేడుతో చీల్చి, దీపం కింద పెట్టి చూస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పదు, రాసుకుంటుంది. రాజేశం నా చెవిలో, "గామె ముఖం జూసి ఏం తెల్సుకుంటం సేటూ, పంపు మీటరన్న నయం" అన్నాడు.

తర్వాత ఆమె తొమ్మిదో మడి ముందు ఆగింది. "ఇది కొంచెం చిన్నగున్నదేంది?"

"రెండొద్దులు లేటైంది మేడం. నాదే."

కొమురవ్వ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. మేడం బ్లేడు నా చేతికిచ్చింది. "మీరే కొయ్యండి."

బుడిపె పెసరగింజంత ఉంది. చీల్చా. లోపల ఎర్రగా ఉంది. దానిమ్మ గింజ ఎరుపు. వేలికి అంటింది.

మేడం పుస్తకం మూసింది. "ఏడో బాయి నడుస్తది. రాసిన." ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత రాజేశం అరిచిన అరుపుకు రెండో అంతస్తులో మేకలన్నీ బెదిరాయి.

పోయే ముందు మేడం షాపులోకి వచ్చింది. రిపోర్టులో భాస్వరం లెక్క కూడా రాయాలి, మీ దగ్గర పరీక్ష ఉందట కదా, ఒకసారి చేసి చూపించండి అంది. ఖాళీ డబ్బా చూపించా. గోడ మీద రెండు వందల పన్నెండు ఖాళీ సీసాలు చూపించా. జేబులో పెట్టుకుపోయిన ముసలాయన కూడా మర్నాడు తెచ్చి పెట్టేశాడు.

"అన్నీ విత్తినం మేడం."

ఆమె కాసేపు గోడ వైపు చూసి, కొలిమి నెలలు దాటాక మొదటి బండిలో ఒక డబ్బా పంపుతానంది. రెండు పంపమన్నా. ఒకటి విత్తనాలకు, ఒకటి గోడకు. వ్యాపారం వ్యాపారమే.

నా మడిలో పీకిన మొక్కను పారేయలేదు. ఒకటో నంబరు సీసాలో నీళ్ళు పోసి, మొక్కను అందులో నిలబెట్టి, అరలో దాని చోట్లో పెట్టా. వేళ్ళు గాజు లోంచి కనిపిస్తున్నాయి. రాత చెక్కుచెదరలేదు.

కొమురవ్వ చూసి, "పూలు పెట్టినట్టు పెట్టినవేంది, రేపు పప్పుల ఎయ్యి" అంది. విత్తనాల సంచి కొక్కానికి తగిలించి, షాపు కట్టేశా.